మీ పాత్ర ఏ ఊరి నుండి వచ్చింది?

క్రిస్మస్ నాటకానికి పాత్రలు పంచే రోజున మన సంఘాలలో తరచుగా ఒకటే తగాదా. జ్ఞానుల వేషాలకు పోటీ ఎక్కువ. తల మీద కాగితపు కిరీటం ఉంటుంది గదా! హేరోదు వేషానికి కూడా గొంతు పెద్దదైన కుర్రవాడు ఒకడు దొరుకుతాడు. గొల్లవాని వేషం అనేసరికి మాత్రం పిల్లలు ఒకరి వెనుక ఒకరు దాక్కుంటారు. ఇంట్లో ఉన్న గొంగడి, చేతికర్ర చాలు ఆ వేషానికి. బహుశా అందుకే అది ఎవరికీ అక్కరలేదు. రోజూ ఇంట్లో చూసేదానిని వేదిక మీద ఎవరు కోరుకుంటారు?

ఈ మాట ఇప్పుడు ఎత్తుటకు కారణం ఉన్నది. చదువులకు, ఉద్యోగాలకు హైదరాబాద్, బెంగుళూరు వెళ్ళిన మన యౌవనస్థులలో కొందరు అక్కడి స్నేహితులతో కలిసి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట ఆడుతున్నారు. సెలవులకు జహీరాబాద్‌లో బస్సు దిగినప్పుడు వారి సంచిలో ఇరవై ముఖాల పాచిక, ఒక పాత్ర వివరాలు రాసుకున్న కాగితం కనబడితే తల్లిదండ్రులు కంగారుపడుట సహజమే. ఇది జూదమా? మంత్రవిద్యా? చదువు పాడుచేసే వ్యసనమా? ఈ ప్రశ్నలను మేము తేలికగా తీసుకోము. అయితే ఆ ఆటలో మొదటి మెట్టు ఒకటున్నది: పాత్రకు పూర్వజీవితం ఎంచుకొనుట. దాని గూర్చి ఈ నెల మనం కలిసి ఆలోచిద్దాము. ఎందుకంటే ఆ కాగితం అడిగే ప్రశ్న మన ఇళ్ళలోనూ అడగవలసినదే.

ఇది ఎటువంటి ఆట?

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ఈ ఆటను వెలువరించారు. వీరిలో గైగాక్స్ అంతకుముందు ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేశాడు. ఆ ఉద్యోగం పోయిన తరువాత చెప్పులు, బూట్లు బాగుచేస్తూ ఇల్లు గడుపుకున్నాడు. 2016లో మొదలైన 'స్ట్రేంజర్ థింగ్స్' అనే టెలివిజన్ ధారావాహికలో పిల్లలు ఈ ఆట ఆడుట చూపించినందున, దాని పేరు తెలియని వారికి కూడా తెలిసింది.

ఆడే విధానం ఇది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు ఒక్కొక్కరు ఒక పాత్రను తీసుకుంటారు. "మీ ముందు వాగు పొంగుతున్నది, చీకటి పడుతున్నది, ఏమి చేస్తారు?" అని కథ నడిపేవారు అడుగుతారు. తన పాత్ర ఏమి చేస్తుందో ఆటగాడు చెబుతాడు. ఆ పని జరుగుతుందో లేదో సందేహముగా ఉంటే పాచిక వేస్తారు. అష్టాచెమ్మాలో గవ్వలు గళ్ళు లెక్కించుటకు. ఇక్కడ పాచిక పని ఫలితం తేల్చుటకు. ఆట నియమాలలో డబ్బు పందెం లేదు. ఒకరు గెలిచి మిగిలినవారు ఓడిపోవుట కూడా లేదు. అందరూ కలిసి ఒక కథ చెప్పుకుంటారు. అది వారాలు, నెలల తరబడి సాగవచ్చు.

రెండు ప్రశ్నలు

ఆదికాండము 16వ అధ్యాయములో, అరణ్యములో నీటి బుగ్గ దగ్గర ఉన్న హాగరును దేవుని దూత రెండు సంగతులు అడుగుతాడు: ఆమె వచ్చిన చోటు ఏది, వెళ్ళబోయే చోటు ఏది. పాత్రను తయారు చేసే కాగితం మీద ఉన్నవి కూడా దాదాపు ఈ రెండే.

ఇక ముందు చేయబోయే పనిని 'క్లాసు' అంటారు: యోధుడు, మాంత్రికుడు, వైద్యం తెలిసిన అర్చకుడు వగైరా. ప్రయాణం మొదలుపెట్టక ముందు ఆ మనిషి ఏమి చేసేవాడు, ఎవరి మధ్య పెరిగాడు అన్నది 'బ్యాక్‌గ్రౌండ్'. మేము దీనిని పూర్వజీవితం అంటున్నాము. 2014లో వచ్చిన ఆటగాళ్ళ గ్రంథములో ఇటువంటివి 13 ఉన్నాయి. అందులో ప్రతి పూర్వజీవితానికీ కొన్ని నైపుణ్యాలు, కొన్ని వస్తువులు ఇచ్చి, దానితోపాటు నాలుగు సంగతులు రాసుకోమన్నారు: స్వభావం, ఆదర్శం, విడిచిపెట్టలేని బంధం, బలహీనత. 2024లో వచ్చిన కొత్త గ్రంథములో పూర్వజీవితాలు 16 అయినవి. దేవాలయ సేవకుడు, చేతిపనివాడు, కావలివాడు, వర్తకుడు, జమీందారు ఇంటి బిడ్డ, పండితుడు, నావికుడు, లేఖకుడు, సైనికుడు మొదలైనవి ఉన్నాయి. దొంగ, మోసగాడు కూడా ఉన్నారు. 2014 గ్రంథములో లేని ఒక పేరు కొత్తగా చేరింది: రైతు.

ఈ రైతు పేజీ మన పాఠకులకు ఆసక్తి కలిగిస్తుందని మా నమ్మకం. రైతుగా పెరిగిన పాత్రకు బలం, దేహదారుఢ్యం, వివేకం అనే మూడు గుణాలలో పెంపు దొరుకుతుంది. మూడింటికీ ఒక్కొక్క పాయింటు వేసుకోవచ్చు. లేదా ఒకదానికి రెండు, మరొకదానికి ఒకటి వేసుకోవచ్చు. వివేకం అని వారు రాసినది గమనించండి. పొలం పని ఒంటికి మాత్రమే సంబంధించినదని ఆ పుస్తకం అనుకోలేదు. పశువులను అదుపు చేయుట, ప్రకృతిని ఎరుగుట అనే రెండు నైపుణ్యాలు వస్తాయి. దెబ్బలు ఎక్కువగా తట్టుకునే గట్టితనం వస్తుంది. చేతికి కొడవలి, పార, ఇనుప కుండ, వడ్రంగి పనిముట్లు, గాయాలకు కట్టుకట్టే సంచి, ప్రయాణపు బట్టలు, 30 బంగారు నాణెములు ఇస్తారు. ఈ సరంజామా వద్దనుకుంటే బదులుగా 50 బంగారు నాణెములు తీసుకోవచ్చు.

ఎక్కడో అమెరికాలో కూర్చుని రాసినవారు పొలం నుండి వచ్చిన మనిషిని వట్టి చేతులతో బయలుదేరదీయలేదు. పొలం అతనికి ఏదో ఇచ్చింది అన్నారు.

విశ్వాసులకు కలిగే సందేహాలు

ఇక్కడ ఆగి, తల్లిదండ్రుల భయమునకు జవాబు చెప్పవలెను. ఈ ఆటలో మంత్రాలున్నాయి, కల్పిత దేవతలున్నారు. 1980లలో అమెరికా సంఘాలలో దీని మీద పెద్ద గొడవ జరిగింది. కుమారుని ఆత్మహత్యకు ఈ ఆటే కారణమని నమ్మిన ప్యాట్రీషియా పుల్లింగ్ అనే తల్లి 1983లో దీనికి వ్యతిరేకముగా ఒక సంస్థనే స్థాపించింది. బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లి దుఃఖమును ఎవరూ తక్కువ చేయకూడదు. అయితే ఆట వలన పిల్లలు ప్రాణాలు తీసుకుంటారని తరువాతి పరిశోధనలు నిరూపించలేదు. 1989లో వచ్చిన ముద్రణలో ప్రచురణకర్తలు దయ్యాల పేర్లు తీసివేశారు. అటు తరువాత అవి మళ్ళీ చేర్చబడ్డాయి.

ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయము శకునము చూచుటను, మంత్రప్రయోగమును నిషేధించినది. కథలో మాంత్రికుడు ఉండుట, నిజముగా మంత్రము నేర్చుకొనుట ఒకటి కాదు. అయినప్పటికీ ఒకరి మనస్సాక్షి ఒప్పుకోనిదానిని మరొకరు బలవంతము చేయరాదని రోమా పత్రిక 14వ అధ్యాయము మనకు నేర్పుతున్నది. దేవాలయ సేవకుని పూర్వజీవితం తీసుకుంటే కల్పిత దేవత పేరు రాసుకోవలసి వస్తుంది. అది మనస్సుకు నొప్పి కలిగిస్తే వేరొకటి ఎంచుకోవచ్చు. మిగిలినవి ఎన్నో ఉన్నాయి.

దొంగ వేషం వేయుట పాపమా అని మరికొందరు అడుగుతారు. నాటకములో హేరోదు వేషం కట్టిన అబ్బాయి హంతకుడు కాడు గదా. నాతాను ప్రవక్త కూడా ఒక కల్పిత ధనవంతుని కథ చెప్పియే దావీదు కళ్ళు తెరిపించాడు. ఆ దొంగ కథ ఎటు పోతున్నదన్నదే మనం అడగవలసిన ప్రశ్న. ఒనేసిము యజమానుని ఇంటి నుండి పారిపోయినవాడు. అతని పూర్వజీవితం అక్కడ ముగిసిపోలేదు. ఫిలేమోనుకు వ్రాసిన పత్రికతో తిరుగు ప్రయాణం మొదలైనది. దొంగగా మొదలైన పాత్ర ఏమి తిరిగి ఇవ్వబోతున్నదో ముందే ఆలోచించుకున్నవాడు మంచి కథ చెబుతాడు. కేవలం దోచుకొనుటకు ఆ వేషం తీసుకున్నవాడు తనతో కూర్చున్నవారిని విసిగిస్తాడు.

మన అసలు ఇబ్బంది

మమ్మును ఎక్కువగా ఆలోచింపజేసినది మంత్రాలు కాదు. ఆట ఆడినా ఆడకపోయినా, పట్నం వెళ్ళిన మన పిల్లలు ప్రతిరోజూ ఒక పూర్వజీవితం ఎంచుకుంటున్నారు. హాస్టల్‌లో మొదటి రోజు "మీది ఏ ఊరు? నాన్నగారు ఏమి చేస్తారు?" అని ఎవరైనా అడిగినప్పుడు, ఊరి పేరు చెప్పక "హైదరాబాద్ దగ్గరే" అని తప్పించుకునేవారు ఉన్నారు. నాన్న కూలికి పోతాడని చెప్పక "వ్యవసాయం, బిజినెస్" అనేవారు ఉన్నారు. వారిని నిందించలేము. మన దేశములో ఊరు, ఇంటిపేరు అడుగుట వెనుక చాలాసార్లు మరో ప్రశ్న దాగి ఉంటుంది. అది కులము. ఏ వాడ నుండి వచ్చావన్న ఒక్క మాటతో కూర్చునే చోటు మారిపోయిన అనుభవం మన సంఘాలలోని పెద్దలకు బాగా తెలుసు.

అందుచేతనే ఆటలోని ఒక నియమమును మేము ముఖ్యముగా చూపదలచాము. పూర్వజీవితం వేరు, క్లాసు వేరు. రైతు బిడ్డ యోధుడు కావచ్చు, మాంత్రికుడూ కావచ్చు. రైతు పేజీలో తెలివి అనే గుణానికి పెంపు లేదు గనుక మాంత్రికునికి మొదట కొంత కష్టం ఉంటుంది. కాని తలుపు మూసి లేదు. ఎక్కడ పుట్టావన్నది బయలుదేరేటప్పుడు సంచిలో ఏమి ఉన్నదో చెబుతుంది; ఎంత దూరం వెళ్ళగలవో నిర్ణయించదు. కులము ఈ రెంటినీ ఒకటి చేసి ముడి వేసింది. ఆ ముడి విప్పుకునే తొందరలో మన పిల్లలు సంచినే పారవేసి వెళ్తున్నారు.

పరిశుద్ధ గ్రంథములోని సంచులు

సౌలు రాజు దావీదుకు తన కవచము తొడిగించాడు. అది గొప్పవారి పూర్వజీవితం. దావీదు ఆ బరువుతో నడవలేక దానిని తీసివేసి, తన చేతికర్ర, వడిసెల, వాగులోని ఐదు రాళ్ళు పట్టుకొని వెళ్ళాడు. గొల్యాతును పడగొట్టినది గొర్రెల మందలో నేర్చిన విద్య. దావీదు తరువాత రాజైనాడు. గొర్రెల కాపరిగా ఉండిపోలేదు. అయినా కాపరితనమును దాచుకోలేదు.

ఆమోసు పశువుల కాపరి, మేడిపండ్లు ఏరుకునేవాడు. ఆ సంగతి రాజు మందిరములోని యాజకుని ముందే చెప్పాడు. గిద్యోను గోధుమలు దుళ్ళగొడుతున్నప్పుడు పిలుపు వచ్చింది. రూతు పరిగె ఏరుకున్న పొలములోనే ఆమె కథ మలుపు తిరిగింది. పౌలు అపొస్తలుడైన తరువాత కూడా కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు.

మన భాషకు సంబంధించిన ఒక ఉదాహరణ కూడా ఉన్నది. 1793లో బెంగాలు చేరిన విలియం కేరీ ఇంగ్లాండులో చెప్పులు కుట్టే వృత్తి నుండి వచ్చినవాడు. 1814లో ఆయన తెలుగు వ్యాకరణము అచ్చయినది. ఒక విందులో ఎవరో ఆయనను చెప్పులు తయారుచేసేవాడని చిన్నచూపుగా అంటే, తయారుచేసేంతవాడిని కూడా కాదు, పాతవి బాగుచేసేవాడిని మాత్రమే అని ఆయన సరిదిద్దినట్లు చెప్పుకుంటారు. దాచుకొనుటకు ఏమీ లేని మనిషిని ఎవరు అవమానించగలరు?

జహీరాబాద్ పూర్వజీవితం ఒకటి రాద్దాము

పుస్తకములో ఉన్నవి నచ్చకపోతే కొత్త పూర్వజీవితమును తయారు చేసుకునే వీలు ఆటలో ఉన్నది. 2014 గ్రంథములో దానికి నియమము ఉన్నది. 2024లో కథ నడిపేవారి కొరకు వచ్చిన గ్రంథములోనూ ఉన్నది. కథ నడిపేవారు ఒప్పుకుంటే చాలు. కావలసినవి ఐదు: మూడు గుణాలు, ఒక ప్రత్యేక శక్తి, రెండు నైపుణ్యాలు, ఒక పనిముట్టు, 50 బంగారు నాణెముల విలువకు సామాను. మన ప్రాంతమునుండి ఒకటి రాసి చూద్దాము. దానికి 'విత్తనాల తల్లి' అని పేరు పెడదాము.

ఇది గాలిలో నుండి పుట్టిన పేరు కాదు. జహీరాబాద్ పక్కనున్న పస్తాపూర్ కేంద్రముగా 1983 నుండి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసిన గ్రామ సంఘాల స్త్రీలు, ఎక్కువమంది దళిత స్త్రీలు, ఇదే పని చేశారు. జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది వంటి పాత పంటల విత్తనాలు ఊరూరా కాపాడారు. ఒకే చేనులో అనేక పంటలు కలిపి వేశారు. వానలు ఒక పంటను చెరిపినా మరొకటి ఇల్లు నిలుపుతుందని వారికి తెలుసు. విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లను పాత పంటల జాతరలో ఊరి నుండి ఊరికి నడిపించారు. 2008లో మాచునూర్‌లో సంఘం రేడియో మొదలైనప్పుడు దానిని నడిపిన జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ ఈ పల్లెల ఆడబిడ్డలే. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు కాగితం నింపుదాము. గుణాలు: దేహదారుఢ్యం, తెలివి, వివేకం. రైతు పేజీలో లేని తెలివిని ఇక్కడ చేర్చాము. ఏ విత్తనం ఏ నేలలో, ఏ కార్తెలో అని గుర్తుంచుకొనుటకు తెలివి కావలెను. ప్రత్యేక శక్తి: పుస్తకములో బహునైపుణ్యం అనదగినది ఒకటున్నది; అది అదనముగా మూడు విద్యలు ఇస్తుంది. మన ఆడవారికి చాలదేమో గాని నియమము అంతే. నైపుణ్యాలు: ప్రకృతిని ఎరుగుట, మనుష్యుల మనసు కనిపెట్టుట. ఇచ్చిన విత్తనమును వచ్చే ఏడాది తిరిగి ఇస్తారో లేదో ముఖం చూసి చెప్పగలిగినవారు గదా! పనిముట్టు: మూలికలు నూరే సామాను. సంచిలో కొడవలి, గొంగడి, బూడిద, వేపాకు కలిపి దాచిన విత్తనాల బుట్ట, మిగిలినది నాణెములు.

భాషల మాట కూడా ఉన్నది. 2014 నియమాలలో కొన్ని పూర్వజీవితాలకు అదనపు భాషలు ఇచ్చారు. మన జహీరాబాద్ సంతలో తెలుగుతో మొదలైన బేరం ఉర్దూలోకి, బీదర్ వైపు వారు వస్తే కన్నడములోకి మారుట మామూలు సంగతి. ఇది ఒక విద్య అని మనమెప్పుడూ లెక్కపెట్టుకోలేదు.

చివరిగా బంధం, బలహీనత. విత్తనాల తల్లి ఊరు ఎందుకు విడిచింది? ఎవరికి ఏమి మాట ఇచ్చి వచ్చింది? ఆమెకు ఏది చూస్తే భయం? అప్పుల వారి బండి చప్పుడా? వాన రాని ఆషాఢమా? ఇక్కడికి వచ్చేసరికి పాత్ర రాస్తున్న యువతి తన అమ్మమ్మను అడగకుండా ముందుకు పోలేదు. మాకు కావలసినది అదే.

ఆడేవారికి నాలుగు మాటలు

మొదటిది, తెలిసినదానితో మొదలుపెట్టండి. చూడని కోటలోని రాకుమారునికంటె, మీరు ఎరిగిన కుమ్మరి, కంసాలి, గొల్లవాడు కథలో బాగా మాట్లాడతారు.

రెండవది, పూర్వజీవితం క్లుప్తముగా ఉండనివ్వండి. పది వాక్యాలు చాలు. గొప్ప పనులన్నీ ముందే చేసి వచ్చిన పాత్రకు ఇక చేయుటకు ఏమీ మిగలదు.

మూడవది, తోటివారి పాత్రలలో ఒకరితోనైనా పాత పరిచయం రాసుకోండి. ఒంటరివాడిగా వచ్చి ఒంటరిగానే ఉండే పాత్ర సహవాసమును చెడగొడుతుంది.

నాలుగవది, బల్ల దగ్గర ఎవరైనా మీ కులమును, ఊరిని, విశ్వాసమును ఎగతాళి చేయుటకు ఆటను వాడితే లేచి రండి. అది ఆట కాదు. అలాగే ఆట కొరకు రాత్రి నిద్ర, పరీక్ష, ఆదివారపు ఆరాధన పోతుంటే హద్దు పెట్టుకోవలసినవారు మీరే.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఆ కాగితం కనబడిన వెంటనే చింపివేయకండి. "నీ మనిషి ఏ ఊరివాడురా?" అని అడగండి. పిల్లవాడు చెప్పినది వినండి. తరువాత మీ ఊరు చెప్పండి: మీ తాత ఎవరి పొలములో పని చేశాడు, ఏ కరువులో ఏమి తిన్నారు, మొదట చదువుకున్నది ఎవరు, వారిని బడికి పంపుటకు ఎవరు ఏమి అమ్మారు. చెప్పుటకు సిగ్గుపడిన సంగతులు కూడా చెప్పండి. మీరు చెప్పకపోతే పిల్లలు వేరే కవచము వెదుక్కుంటారు.

కుటుంబములో మాట్లాడుకొనుటకు

1. మన ఇంటిలో ఎవరెవరు ఏ పని చేసి బ్రదికారు? మూడు తరాల పేర్లు రాయండి.
2. ఆ పనులలో ఒక్కొక్కటి మనకు ఇచ్చిన నైపుణ్యం ఏమిటి?
3. కొత్త ఊరిలో మనలను గూర్చి దాచిన సంగతి ఏది? ఎవరికి భయపడి దాచాము?
4. 1 సమూయేలు 17:38-40 చదవండి. మనకు సరిపడని కవచము ఏది? మన చేతిలో ఇదివరకే ఉన్న కర్ర ఏది?